వత్తి తగ్గించే విద్య

2014 అక్టోబరు 7, మంగళవారం. ఆ ఏడాది భౌతికశాస్త్ర నోబెల్ నీలం ఎల్‌ఈడీకని ప్రకటించారు. అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి. ఐదు రోజుల తర్వాత, ఆదివారం మధ్యాహ్నం, హుద్‌హుద్ విశాఖపట్నం మీద తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్లకు పైబడిన గాలి. ఈ రెండు వార్తలకూ సంబంధం లేదు. మా ఇంట్లో మాత్రం ఒక చేపల తొట్టె వాటిని కలిపింది.

మాది ఉప్మాక. ఇప్పుడు అనకాపల్లి జిల్లా, అప్పట్లో విశాఖ జిల్లా. హైవే మీద నక్కపల్లి దగ్గర దిగి లోపలికి వస్తే గరుడాద్రి కొండ, కొండ మీద వెంకన్న, దిగువన బంధుర సరస్సు. దసరాకి వచ్చి, వారాంతం కూడా కలుపుకుందామని నేనింకా ఊళ్లోనే ఉన్నాను. విశాఖ నగరాన్ని కొట్టినంతగా గాలి మమ్మల్ని కొట్టలేదు గానీ, కరెంటు పోయింది. ఈ పూట వస్తుంది, రేపొస్తుంది అనుకుంటూ రోజులు గడిచాయి.

హాల్లో మూడడుగుల తొట్టె. గప్పీలు, మోలీలు, ఎర్రటి స్వోర్డ్‌టెయిల్ చేపలు నాలుగు. గాలి పంపు ఆగిపోయింది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నాన్న అటక మీంచి పాత లాంతరు దించి, తుడిచి, వత్తి బాగా తగ్గించి తొట్టె పక్కన పెట్టారు. ఓ మగ్గు తీసుకుని తొట్టెలో నీళ్లే ముంచి, జానెడు ఎత్తు నుంచి మళ్లీ తొట్టెలోకే పోయడం మొదలుపెట్టారు. నీళ్లు పడుతుంటే గాలి కలుస్తుంది కదా, అదే పంపు చేసే పని. అర్ధరాత్రి దాకా ఆయన, తర్వాత నేను. మూడు రాత్రులు అలాగే వంతులేసుకున్నాం. ఒక్క చేప పోలేదు.

నాలుగో రాత్రి రెండు దాటాక కరెంటొచ్చింది. ట్యూబులైటు స్విచ్చి వేసే ఉందన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. మూడు రోజులుగా లాంతరు వెలుగుకి అలవాటుపడ్డ తొట్టె మీద ఒక్కసారిగా నలభై వాట్ల పట్టపగలు పడింది. టపటపమని చప్పుడైంది. మేం లేచి వచ్చేసరికి రెండు స్వోర్డ్‌టెయిళ్లు గచ్చు మీద ఉన్నాయి. ఒకటి బతికింది.

చేపకి కనురెప్పల్లేవు. వెలుతురు పెరిగితే మన కంటిపాప చప్పున చిన్నదవుతుంది. చాలా చేపలకి ఆ వెసులుబాటు కూడా తక్కువే. వాటి కంటి లోపలి పొరలో కణాలే మెల్లగా ముందుకీ వెనక్కీ జరిగి చీకటికో వెలుతురికో సర్దుకుంటాయి. దానికి పదుల నిమిషాలు పడుతుంది. ఇదంతా నేను తర్వాత చదువుకున్నాను. ఆ రాత్రి నాన్న ఒకటే మాట అన్నారు. "లాంతరుకైతే వత్తి ఉందిరా. దీనికేటుంది?"

ఈ వ్యాసం ఆ ప్రశ్న వెంట పోయిన దారి. దీపాన్ని వెలిగించడం మనిషి ఏనాడో నేర్చాడు. దీపం ఆరిపోయిందనడానికి నోరు రాక కొండెక్కిందని ఒక అందమైన మాట కూడా పెట్టుకున్నాం. వెలిగించడానికీ కొండెక్కడానికీ మధ్యనున్నది తగ్గించడం. కరెంటు దీపంతో ఆ పని చేయడానికి మనిషి చాలా తిప్పలుపడ్డాడు.

*

లాంతరు సంగతి తేలిక. పక్కనున్న చిన్న చక్రం తిప్పితే వత్తి కిందికి దిగుతుంది, మంట చిన్నదవుతుంది, కిరసనాయిలు కూడా అంతే తక్కువ కాలుతుంది. ఎగదోస్తే ఎక్కువ. ఎంత వెలుగో అంత ఖర్చు. అమ్మమ్మలు పిల్లలు పడుకున్నాక వత్తి తగ్గించింది చమురు ఆదా కోసమే అయినా, గదికి అంతకంటే మంచి రాత్రి దీపం ఇంకోటి లేదు. పంతొమ్మిదో శతాబ్దంలో ఐరోపా నాటకశాలలు గ్యాసు దీపాలతో చేసింది కూడా ఇదే. గొట్టాల కవాటాలన్నీ ఒకచోట పెట్టుకుని, ఒక మనిషి వాటిని తిప్పుతూ రంగస్థలం మీద సాయంత్రాన్ని తెచ్చేవాడు.

కరెంటు బల్బు వచ్చాక చిక్కొచ్చింది. దానికి వత్తి లేదు. ఇస్తే ఉంటుంది, ఆపితే పోతుంది. మరి సగం ఎలా? అప్పటివాళ్లకి తట్టిన ఉపాయం, పూర్తిగా ఇచ్చి దారిలో కొంత తగలెయ్యడం. నాటకశాలల్లో దీనికి ఉప్పునీళ్ల జాడీలు వాడేవారు. జాడీలో రెండు లోహపు పలకలు. పై పలకని నీళ్లలోకి దించేకొద్దీ కరెంటు బాగా పారి దీపం పెరుగుతుంది, పైకి లాగితే తగ్గుతుంది. తగ్గిన వెలుగంతా నీళ్లలో వేడిగా తేలుతుంది. ఎక్కువసేపు నడిపితే జాడీ మరిగేది. వెలుగుని నీళ్లతో తగ్గించిన ఆ రోజుల గురించి మొదటిసారి చదివినప్పుడు, నీళ్ల మీద వెలుగు తగ్గించడానికి కుస్తీపడుతున్న నాకు నవ్వొచ్చింది.

ఆ జాడీకి మన ఇళ్లలో ఒక బంధువు ఉండేది. పాత ఫ్యాను రెగ్యులేటరు.

మా నాన్నది వైండింగ్ షాపు. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం మొదలయ్యాక ఉత్తరాంధ్రలో కరెంటు ఒక్కో ఊరే దాటుకుంటూ వచ్చింది. దాని వెనకే వ్యవసాయ మోటార్లు, వాటి వెనక కాలిపోయిన మోటార్లు, వాటి వెనక మా నాన్నలాంటివాళ్లు వచ్చారు. వేసవిలో షాపు నిండా ఫ్యాన్లే. గోడకి బిగించే ఆ నల్లటి రెగ్యులేటరు డబ్బాలు మీలో కొందరికి గుర్తుండొచ్చు. చేత్తో ముట్టుకుంటే చురుక్కుమనేవి. లోపల పింగాణీ దిమ్మ మీద చుట్టిన తీగ, ఐదు మెట్లు. ఐదులో పెడితే తీగ పక్కకి తప్పుకుంటుంది. ఒకటిలో పెడితే కరెంటు తీగ మొత్తం దాటుకుని రావాలి. దాటే దారిలో తీగ వేడెక్కుతుంది, ఫ్యానుకి మిగిలిందే అందుతుంది. ఫ్యాను తిండి తగ్గించి, మిగిలినదాంట్లో చాలా భాగం డబ్బా తినేదన్నమాట. వేసవి మధ్యాహ్నం గది చల్లబరచడానికి గోడ మీద ఒక చిన్న పొయ్యి వెలిగించుకునేవాళ్లం.

ఆ డబ్బాకి ముందు సంగతి ఇంకా ఘోరం. దొరల కచేరీల్లో పంకా ఉండేది. దాన్ని తాడుతో లాగడానికి వరండాలో ఒక మనిషి కూర్చునేవాడు. గాలి కావాలంటే కేక, ఇంకా కావాలంటే ఇంకో కేక. ఫార్‌స్టర్ 1924లో రాసిన 'ఎ పాసేజ్ టు ఇండియా' నవలలో కోర్టు సన్నివేశం చదివినవాళ్లకి ఆ పంకా లాగే మనిషి గుర్తుంటాడు. తీర్పుతో, గోలతో తనకి సంబంధం లేనట్టు లాగుతూనే ఉంటాడు. వేగం తగ్గించడమనేది మన దేశంలో ఒకప్పుడు ఒక మనిషి చేతుల అలసట. రెగ్యులేటరు ఎంత వేడెక్కినా, ఆ వేడి ఒక మనిషి భుజంలోంచి తీగలోకి మారింది. ఆ మేరకు అది మేలే.

*

తర్వాతి మలుపు 1957లో వచ్చింది. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ థైరిస్టర్ అనే సిలికాన్ మీటని తయారుచేసింది. అమెరికాలో జోయెల్ స్పైరా అనే ఇంజనీరు 1959లో ఇలాంటి మీటతో ఇంటి గోడలో పట్టేంత చిన్న డిమ్మరు చేశాడు. 1961లో దానికోసం లుట్రాన్ అనే కంపెనీ పెట్టాడు. కిటుకు ఏమిటంటే, మిగులుని తగలెయ్యక్కర్లేదు. అసలు తీసుకోకపోతే సరి. మన ఇంటి కరెంటు సెకనుకి వందసార్లు సున్నాకి వచ్చి లేస్తుంది. ప్రతి లేపులో మొదట కొంతసేపు తలుపు మూసి ఉంచి, తర్వాత తెరిస్తే, లోపలికి వచ్చేదే తక్కువ. ఎంత ఆలస్యంగా తెరిస్తే అంత తక్కువ. అంటే తగ్గించేది సరుకుని కాదు, సమయాన్ని.

మన ఊళ్లకి ఈ సంగతి స్విచ్‌బోర్డులో ఇమిడే చిన్న రెగ్యులేటరు రూపంలో వచ్చింది. మొదట్లో తక్కువ వేగంలో ఫ్యాను జుయ్యిమనేది. కోసిన కరెంటు నునుపుగా ఉండదు మరి. తర్వాత కెపాసిటర్లతో మెట్లుమెట్లుగా తగ్గించేవి వచ్చి ఆ చప్పుడూ పోయింది. ఆ రెంటితో నాన్న షాపులో రెగ్యులేటర్ల పని పోయింది. తెగిన తీగని చుట్టొచ్చు. చిన్న ప్లాస్టిక్ పెట్టెలో పోయిన ముక్కని ఏం చేస్తాం? పారేసి కొత్తది కొంటాం. ఆయన నాతో ఎప్పుడూ దీని గురించి ఫిర్యాదు చేయలేదు. ఇంజనీరింగు చదివించారు, అంతే.

ఇక్కడే మా ఇద్దరికీ వాదన. నేను చేపల తొట్టెకి ఎల్‌ఈడీ దీపం సొంతంగా కడతానన్నాను. అవి మెల్లగా వెలుగుతాయి, మెల్లగా ఆరతాయి అన్నాను. ఎలాగన్నారు. సెకనుకి కొన్ని వందలసార్లు ఆపి వెలిగిస్తానన్నాను. ఆపి ఉంచే సమయం ఎక్కువైతే వెలుగు తక్కువగా కనిపిస్తుంది. మావాళ్లు పీడబ్ల్యూఎం అంటారు. నాన్న నమ్మలేదు.

"ఆపీ ఆపీ ఇత్తే మిణుకు మిణుకుమంటాది గానీ తగ్గుద్దేట్రా?"

రెండ్రోజుల తర్వాత ఆయనే పొద్దున్నే కాఫీ గ్లాసుతో వచ్చి, "ఒరే, మన తిరనాళ్ల డ్రమ్ము గుర్తుందా?" అన్నారు.

ఎందుకు గుర్తులేదు. ఫాల్గుణంలో స్వామి కల్యాణానికి కొన్నేళ్లు నాన్న సీరియల్ సెట్లు కట్టేవారు. రంగు బల్బులు పరిగెత్తినట్టు కనిపించాలంటే ఒక డ్రమ్ము ఉండేది. దాని మీద రాగి రేకులు అతికించి, చిన్న మోటారుతో తిప్పేవారు. రేకు తీగలకి తగిలినప్పుడు ఒక వరస వెలుగుతుంది, దాటగానే ఆరి పక్క వరస వెలుగుతుంది. హనుమంతుడి తోక ఊగడం, చక్రం తిరగడం అన్నీ ఆ డ్రమ్ము మాయే. ఒకసారి వేగం తగ్గించే పళ్లచక్రం పాడైతే మోటారుని నేరుగా డ్రమ్ముకి తగిలించారట. డ్రమ్ము పిచ్చిగా తిరిగింది. బల్బులు పరిగెత్తడం మానేసి, అన్నీ ఒకేసారి, మసకగా, సగం వెలుగుతో నిలబడిపోయాయి.

"నానప్పుడు ఓల్టేజీ పడిపోయిందనుకున్నాను. నువ్వు సెప్పేది అదేనేటి?"

అదే. నేను నాలుగేళ్లు కాలేజీలో చదువుకున్నది, ఆయన తిరనాళ్లలో పొరపాటున చూశారు. పాత బల్బులో తీగ చల్లబడే లోపు మళ్లీ వేడెక్కుతుంది కాబట్టి మసకగా నిలిచింది. ఎల్‌ఈడీ క్షణంలో ఆరిపోతుంది. దాని విషయంలో వెలుగుని కలిపి చూసేది మన కన్నే.

*

ఎల్‌ఈడీ కథ కూడా ఇలాంటి పొరపాటు చూపులతోనే మొదలైంది. 1907లో రేడియో పనిమీద ఉన్న హెన్రీ రౌండ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు ఒక స్ఫటికానికి కరెంటు తగిలిస్తే పసుపుపచ్చగా మెరవడం చూసి, ఓ చిన్న లేఖ రాసి వదిలేశాడు. 1920లలో రష్యాలో ఒలెగ్ లొసెవ్ దాన్ని పట్టుకుని చాలా దూరం పోయాడు. 1942లో లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో చనిపోయాడు. 1962లో నిక్ హోలోన్యాక్ ఎర్ర ఎల్‌ఈడీ చేశాడు. నీలం మాత్రం 1990ల దాకా లొంగలేదు. నీలం వచ్చాక, దాని మీద పసుపు వెలుగునిచ్చే పొడి పూస్తే రెండూ కలిసి తెల్లగా కనిపిస్తాయి. ఈరోజు మన ఇళ్లలో తెల్ల బల్బులు చాలావరకూ లోపల నీలం బల్బులే.

ఆ నోబెల్ వచ్చిన నెలల్లోనే మన రాష్ట్రంలో పాత బల్బు ఇస్తే 10 రూపాయలకి ఎల్‌ఈడీ బల్బు ఇవ్వడం మొదలైంది. 2015 జనవరి 5న అది దేశవ్యాప్త పథకమైంది. హుద్‌హుద్‌లో స్తంభాలు కూలిన విశాఖలో కొత్త వీధిదీపాలు ఎల్‌ఈడీలే వేశారు, తొంభై వేలకు పైగా. తుపాను కొండెక్కించిన దీపాల చోట నీలం బల్బులొచ్చాయి. ఇంత మార్పు జరిగినా, మన ఇళ్లకి వచ్చిన చవక బల్బుల్లో చాలావాటికి వత్తి లేదు. డిమ్మరుకి తగిలిస్తే మిణుకుతాయి, లేదా పోతాయి. వెలుగు చవకైంది, తగ్గించడం మాత్రం పక్కన పడింది.

చేపల తొట్టెకి వెలుగు అలంకారం కాదు. 1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్‌టన్ అనే రసాయన శాస్త్రవేత్త గాజు పాత్రలో చేపలనీ, నీటి మొక్కనీ, నత్తలనీ కలిపి పెడితే నీళ్లు మార్చకుండానే బతుకుతాయని చూపించాడు. వెలుగులో మొక్క ప్రాణవాయువునిస్తుంది, నత్త కుళ్లినదాన్ని తింటుంది. మూడేళ్లకి లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. వెలుగు తగ్గితే మొక్క చస్తుంది, ఎక్కువైతే నాచు పట్టి నీళ్లు పచ్చబడతాయి. మా తీరంలో రొయ్య పిల్లల హేచరీల్లో పనిచేసేవాళ్లకి ఇది బాగా తెలుసు. పిల్లలకి మేతగా వేసే సన్నటి నాచుని వాళ్లు దీపాల కిందే పెంచుతారు. మనం వద్దనుకునేదే వాళ్లకి పంట.

*

ఇక నేను కట్టినది. మూడు వాట్ల ఎల్‌ఈడీలు పన్నెండు, వరసగా, ఒక అల్యూమినియం దిమ్మ మీద. 48 వోల్టుల సప్లై, 700 మిల్లీ ఆంపియర్లకి మించి పోనివ్వని డ్రైవరు, ఒక ఆర్డుయినో నానో, టైము గుర్తుపెట్టుకునే డీఎస్3231 గడియారం ముక్క, వేడి చూడటానికి ఒక థర్మిస్టరు, కంప్యూటర్లలో వాడే నాలుగు తీగల 12 వోల్టుల ఫ్యాను. ఎల్‌ఈడీ పాత బల్బులాగా వేడిని ముందుకి చిమ్మదు. దాని వేడంతా వీపు మీద ఉంటుంది. దాన్ని లాగెయ్యకపోతే వెలుగు తగ్గుతూ, రంగు మారుతూ తొందరగా ముసలిదైపోతుంది. అందుకే దిమ్మ, అందుకే ఫ్యాను.

మొదటి తప్పు ఫ్యాను దగ్గర చేశాను. వేడి తక్కువగా ఉంటే చాలా మెల్లగా తిప్పమని రాశాను. నాకు దొరికిన ఫ్యాను మరీ తక్కువ ఇస్తే కదల్లేదు. నడుస్తున్నదాన్ని తగ్గించొచ్చు గానీ, ఆగినదాన్ని అంత తక్కువతో లేపలేం. నాన్న దూరం నుంచి చూసి, "మొదట ఓ తోపు తొయ్రా, తర్వాత తగ్గించుకో" అన్నారు. ఊయల ఊపినట్టే. రెండు సెకన్లు పూర్తి వేగం ఇచ్చి, తర్వాత కిందికి దించేలా మార్చాను. ఆ నాలుగో తీగ సంగతి కూడా చెప్పాలి. మూడో తీగ ఫ్యాను ఎన్ని చుట్లు తిరుగుతోందో చెబుతుంది, నాలుగో తీగ ఎంత తిరగాలో చెబుతుంది. ఆ సంకేతం సెకనుకి 25,000 సార్లు ఆగి వెలిగేది కాబట్టి మన చెవికి అందదు. పాత రెగ్యులేటరు జుయ్యిమనే చప్పుడికి జవాబు ఇదన్నమాట. చుట్ల లెక్క సున్నా వస్తే, ఫ్యాను చచ్చిందని అర్థం. అప్పుడు దీపం తనంతట తానే మెల్లగా మూడో వంతుకి దిగుతుంది.

రెండో తప్పు దీపంలో. ఆర్డుయినో మామూలుగా 255 మెట్లిస్తుంది. చాలనుకున్నాను. చీకటి గదిలో సున్నా నుంచి ఒకటో మెట్టుకి ఎక్కినప్పుడు దీపం చటుక్కుమంది. చేపలు ఉలిక్కిపడ్డాయి. కన్ను తేడాని నిష్పత్తిలో చూస్తుంది. రెండొందల నుంచి రెండొందల ఒకటికి తేడా తెలీదు, ఏమీ లేనిదాన్నుంచి ఒకటికి మాత్రం కొండంత. చిప్‌లోని పదహారు బిట్ల టైమరు వాడి 65,536 మెట్లు చేశాను. కింద మెట్లు దగ్గర దగ్గరగా, పైన దూరం దూరంగా వేశాను. లాంతరు చక్రానికి ఈ లెక్కలేవీ అక్కర్లేదు. నాన్న వేలితో ఆ లెక్క చేసేవారు.

మూడోది తప్పు కాదు, నిర్ణయం. సాయంత్రం ఎంతసేపు ఉండాలి? చలిదేశాల వాళ్లు గంట, రెండు గంటలు పెడతారు. వాళ్ల సాయంత్రాలు అంత పొడుగు. మనది పదిహేడో అక్షాంశం దాటిన చోటు. ఇక్కడ సూర్యుడు సూటిగా మునుగుతాడు. ఇరవై మూడు, ఇరవై నాలుగు నిమిషాల్లో చీకటి పడిపోతుంది. సరస్సు గట్టు మీద కూర్చుని ఫోన్లో టైము చూసుకుంటూ రెండు సాయంత్రాలు సరిపోల్చాను. కోడులో ఇరవై ఐదు అని రాశాను.

అన్నిటికంటే ముఖ్యమైన వరస మాత్రం ఆ కోడులో చాలా చిన్నది. కరెంటు ఎప్పుడొచ్చినా దీపం ముందు సున్నాలోనే ఉండాలి. గడియారాన్ని టైము అడగాలి. రాత్రైతే వెలగకూడదు. పగలైతే సున్నా నుంచి మొదలుపెట్టి, మెల్లగా, ఉండాల్సిన చోటికి రావాలి. గడియారం ముక్కకి ఒక బిళ్ల బ్యాటరీ ఉంటుంది కాబట్టి ఎన్ని రోజులు కరెంటు లేకపోయినా అది టైము మర్చిపోదు. ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు 2014 నుంచి ఎన్నేళ్లు పట్టిందో చెప్పుకోవడం సిగ్గు.

పోయిన వేసవిలో ఒక సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు పోయింది. చీకటి పడకముందే వచ్చింది. వీధంతా ఒక్కసారిగా భళ్లున వెలిగింది. టీవీ అరిచింది, ఎదురింట్లో మోటారు మొదలైంది. తొట్టె చీకటిగానే ఉంది. పాడైందనుకుని లేవబోయాను. నాన్న చెయ్యి పట్టుకుని ఆపారు. గాజు అడుగున నీడలా ఒక వెలుగు మొదలై, మొక్కల ఆకులు ఒక్కొక్కటే కనపడ్డాయి. చేపలు ఉన్నచోటే ఉన్నాయి. ఆ రోజుల చేపలు కావు, వాటి తర్వాతవి.

నాన్నకి రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. రాత్రి లేచి లైటు వేస్తే కళ్లలో పొడిచినట్టుంటుందని, చీకట్లోనే తడుముకుంటూ వెళ్తున్నారు. ఒకసారి గడప తగిలి పడ్డారు కూడా. నాకు చెప్పలేదు, అమ్మ చెప్పింది. తొట్టె పూర్తిగా వెలిగేదాకా చూసి, ఆయన అన్నారు:

"ఇలాటిదోటి నా గదిలో పెట్టవేట్రా."

ఆ ఆదివారమే మొదలుపెట్టాను. ఫ్యాను అక్కర్లేదు, వెలుగు అంత తక్కువ.